అద్దెకు పోయిన మార్ష్ బెల్

టాస్కర్ వీధి, గ్రిమ్స్‌బీ
1915 ఫిబ్రవరి 9

అన్నయ్యా,

నీ ఫొటో అందింది. ఇత్తడి గుండీల కోటులో నిన్ను చూసి మన అమ్మ ఉండి ఉంటే వీధంతా తిప్పి చూపించేది. నాకు మాత్రం నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నలభై ఆరేళ్ళొచ్చి, పుట్టిన దగ్గర్నుంచీ చేపల కంపులో బతికినవాడివి, నేవీవాళ్ళు నాలుగు గుండీలు కుట్టిస్తే మురిసిపోయి ఫొటో దిగుతావా?

పెక్ గారు మార్ష్ బెల్‌ని నేవీకి అద్దెకిచ్చాడు. బోటు ఆయనది, ఇచ్చుకున్నాడు. బోటుతో పాటు మా ఆయన్ని కూడా అద్దెకిచ్చే హక్కు ఆయనకెక్కడిది? క్లెమ్ సంతకం పెట్టింది నేవీని చూసి కాదు, నిన్ను చూసి. "సరంగు ఎల్తున్నాడు, నేనెల్లకపోతే ఆ ఇంజనెవడు చూస్తాడే?" అన్నాడు. పన్నెండేళ్ళుగా నీ వెనకాలే తిరిగిన మనిషి, ఇప్పుడు నేను ఆగమంటే ఆగుతాడా.

వేటకి పోయే రోజుల్లో మూడు వారాలకోసారి ఇల్లు చేరేవాడు. మూడు రోజులు తిని, తాగి, పడుకునేవాడు. ఓనరు మనిషి జేబెజ్ తాత వచ్చి తలుపు బాదగానే సంచీ భుజాన వేసుకుని పోయేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా కాపురం అలాగే నడిచింది. నవంబరు నుంచీ మనిషి జాడ లేదు. మీ జట్టులోని డోరా పెక్ బోటు మీద పక్కింటి మెర్సీ మొగుడు వాల్టర్ ఉన్నాడు కదా, ఆవిడది కూడా ఇదే గోల. ఇద్దరం వలల కొట్లో పక్కపక్కన కూర్చుని నిన్ను తిట్టుకుంటూ అల్లుతున్నాం. ఇప్పుడు అల్లేవి చేపల కోసం కాదు, జలాంతర్గాముల కోసమట.

క్లెమ్‌ని ఒకసారి పంపించు. నువ్వు సరంగువి. నీ బోటు మీద నీ మాట చెల్లకపోతే ఆ గుండీలెందుకు?

నీ చెల్లెలు
హెటీ


పేరు రాయకూడని రేవు
ఫిబ్రవరి 23

హెటీకి,

ఈ ఊరి పేరు రాయకూడదట. రాస్తే జర్మన్లు చదివేస్తారట. నీ తిట్లన్నీ కూర్చుని చదివే ఓపిక వాళ్ళకుంటే చదువుకోనీ.

నా మాట చెల్లుతుందా అని అడిగావు, చెప్తాను విను. మన చేపల గదిలో ఐసు తీసేసి మంచాలు కొట్టారు. ఎన్నిసార్లు కడిగినా కాడ్ చేపల వాసన పోలేదు, అందులోనే పడుకుంటున్నాం. ముందు ఫిరంగి పెట్టారు. వల లాగే వించి పీకేశారు. పొద్దున్న ఉత్తరానికి, సాయంత్రం దక్షిణానికి, అదే గీత మీద తిరగడమే పని. ఇంతవరకు ఒక్క జలాంతర్గామి కనిపించలేదు. పోయిన వారం పక్షులు మూగాయి, కింద చేపల మంద పోతోంది. కలాసీలంతా ఫిరంగి వదిలేసి రెయిలింగు పట్టుకుని ఏడుపు మొహాలు పెట్టారు. నాకూ ఏడుపొచ్చింది.

మా నాలుగు బోట్ల మీదా ఒక లెఫ్టినెంటు. పేరు విన్యార్డ్. వయసు నా గడ్డంలో సగం ఉండదు. నేను అతన్ని 'సర్' అనాలి, అతను నన్ను ఒట్టి ఇంటిపేరుతో 'డానట్' అంటాడు. మొన్న మా బోటెక్కి, బావ ఎందుకు సెల్యూట్ చెయ్యలేదని నిలదీశాడు. బావ రెండు చేతులా గ్రీజు. "చెయ్యెత్తితే మీ కోటు మీద పడుద్ది సార్" అన్నాడు. కలాసీలు పగలబడి నవ్వారు. లెఫ్టినెంటు నవ్వలేదు. ఆ రోజు నుంచీ బావ మీద అతనికి కన్ను.

వచ్చే నెల బాయిలరు కడగాలి. బోటు కొన్నాళ్ళు రేవులోనే కట్టేసి ఉంటుంది. అప్పుడు చూద్దాం. మాటిమ్మని మాత్రం అడక్కు.

ఎజ్రా


టాస్కర్ వీధి
మార్చి 25, గురువారం

అన్నయ్యా,

ఏం జరుగుతోంది? ఎవరిని అడగాలో తెలియక నిన్నే అడుగుతున్నాను.

సోమవారం క్లెమ్ వచ్చాడు. చెప్పాపెట్టకుండా వచ్చాడని ముందు తిట్టాను, తరువాత హాడక్ చేప వేయించి పెట్టాను. మూడు రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. ఇవాళ బయల్దేరాలని తనే అన్నాడు కాబట్టి నేను బట్టలు తడపలేదు. బోటు కదిలే రోజు మగాడి చొక్కా ఉతికితే సముద్రం మనిషిని లాక్కుపోతుందని ఏ ఇంట్లోనూ ఉతకరు కదా. పొద్దున్నే బూట్లు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. "టైమయిపోలేదా?" అన్నాను. "జేబెజ్ తాత రాలేదుగా. తాత తలుపు కొట్టలేదంటే బోటు ఇంకా కదల్లేదనే" అని పైపు వెలిగించుకున్నాడు.

తలుపు కొట్టారు. తాత కాదు, నేవీ పోలీసులు ఇద్దరు. క్లెమ్ లేచి, "కొత్తోళ్ళలా ఉన్నారే, తాతకి ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. వాళ్ళు అతని చేతులకి బేడీలు వేశారు. అతను నా మొహం చూశాడు, అప్పటికీ అర్థం కాలేదు పాపం. మాసిన చొక్కాతో, వీధి వీధంతా చూస్తుండగా, దొంగని తీసుకుపోయినట్టు తీసుకుపోయారు. పారిపోయాడట. ఎవరు, క్లెమ్? పారిపోయేవాడు బూట్లేసుకుని కుర్చీలో కూర్చుంటాడా?

నువ్వు సరంగువి. వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఈ ఉత్తరం అందగానే చెప్పు.

హెటీ


రేవు నుంచి
మార్చి 30

ప్రియమైన హెటీకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు ధైర్యంగా ఉండాలి. ఇక్కడి సంగతులు నీకు పూర్తిగా తెలియవు.

బుధవారం మధ్యాహ్నం అనుకోకుండా ఆర్డరు వచ్చింది. గురువారం దాకా కదలమనుకున్న బోటు ఆ సాయంత్రమే బయల్దేరాలన్నారు. మా రెండో ఇంజనీరు చెయ్యి కాల్చుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. బావ లేడు. ఇంజను నడిపేవాడు లేక మార్ష్ బెల్ కదల్లేదు. మా బదులు డోరా పెక్‌ని పంపారు. రాత్రి అది నీటిలోని మందుపాతరకి తగిలింది. ఒక్కరూ మిగల్లేదు. వాల్టర్ కూడా పోయాడు. ఈపాటికి మెర్సీకి తంతి అంది ఉంటుంది.

బావ అనుమతి లేకుండా వెళ్ళాడని లెఫ్టినెంటు రాసుకున్నాడు. యుద్ధంలో దాన్ని చాలా పెద్ద నేరంగా చూస్తారు. వచ్చే నెల విచారణ ఉంటుంది. నా చేతిలో ఉన్నది నేను చేస్తూనే ఉన్నాను. నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ రాయవద్దు, ఇక్కడికి రావద్దు. వస్తే బావకే ఇబ్బంది.

నీ క్షేమం కోరే
ఎజ్రా


టాస్కర్ వీధి
ఏప్రిల్ 8

స్కిప్పర్ ఎజ్రా డానట్ గారికి,

మీరు రావద్దన్నారు. నేను వచ్చాను. మీరు సముద్రం మీద ఉన్నారట, మంచిదయింది, లేకపోతే రేవులోనే గొడవయ్యేది. పావుగంట సేపు క్లెమ్‌ని చూడనిచ్చారు.

అసలు వచ్చిందెందుకో ముందు వినండి. మెర్సీకి తంతి అందిన రోజు నేను పరుగెత్తుకుని వెళ్ళాను. రాత్రంతా ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది. రెండు రోజుల తరువాత ఎవరో చెప్పారు, డోరా పెక్ ఎవరి బదులు పోయిందో, ఎందుకు పోయిందో. వలల కొట్లో మెర్సీ లేచి, తన పీట తీసుకుని, అవతలి గోడ దగ్గర వేసుకుంది. మిగతా ఆడవాళ్ళూ ఒకరి తరువాత ఒకరు జరిగారు. రొట్టెల కొట్టువాడు నాకు రొట్టె అమ్మి, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. మా గుమ్మం మీద ఎవరో సుద్దతో 'పిరికిపంద ఇల్లు' అని రాశారు. తుడిచాను. మళ్ళీ రాశారు.

ఇదంతా క్లెమ్‌కి చెప్పలేదు. ఒక్కటే అడిగాను, "ఎవరినడిగి వచ్చావు?" అని. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎవరినడుగుతానే? సరంగునే. 'ఎల్లు బావా, గురారం పోటుకొచ్చెయ్. మధ్యలో ఏదన్నా అయితే జేబెజ్‌కి తంతి కొడతాను, తాతొచ్చి తలుపు బాదుతాడు' అన్నాడు" అని చెప్పాడు. మరి ఈ మాట వాళ్ళకెందుకు చెప్పలేదంటే, "నేను చెప్పేదేటి, ఎజ్రా చెప్తాడు కదా. నోరున్నోడు వాడు" అన్నాడు.

తిరిగొచ్చి జేబెజ్ తాత ఇంటికి వెళ్ళాను. తంతి రాలేదట. క్లెమ్ ఇంట్లో ఉన్న ఆ మూడు రోజులూ ఎప్పుడొస్తుందోనని బూట్లు కూడా విప్పలేదని చెప్పి ఆ ముసలాయన ఏడ్చాడు.

స్కిప్పర్ గారూ, మీరు వెళ్ళమన్నారు. తంతి కొడతానన్నారు, కొట్టలేదు. రెండు వారాలుగా మా ఆయన బేడీల్లో కూర్చుని మీరు నోరు విప్పుతారని చూస్తున్నాడు. 'అనుమతి లేకుండా వెళ్ళాడు' అని నాకే రాశారు, నా ఇంటికే రాశారు. 'నీ క్షేమం కోరే' అని సంతకం పెట్టారు. ఆ కాగితం చించి పొయ్యిలో పడేశాను.

శ్రీమతి క్లెమెంట్ లెగట్


రేవు నుంచి
ఏప్రిల్ 14

హెటీ,

మీరూ గారూ అంటూ రాస్తే నాకు సిగ్గొస్తుందనుకున్నావా? వచ్చింది. సరే.

అవును, వెళ్ళమన్నాను. ఇరవై ఏళ్ళుగా బోటు రేవుకొచ్చిన ప్రతిసారీ కలాసీలకి చెప్పే మాటే చెప్పాను. సెలవియ్యడానికి లెఫ్టినెంటు కాగితం కావాలని తెలుసు. కాగితం అడిగితే ఇవ్వడు, సెల్యూట్ సంగతి మనసులో పెట్టుకున్నాడు. మూడు రోజులకి ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాను. బుధవారం ఆర్డరు తీసుకుని అతనే స్వయంగా వచ్చాడు. "ఇంజనీరెక్కడ?" అన్నాడు. "తెలీదు సర్" అన్నాను. ఆ మాట అనేశాక తంతి ఎలా కొట్టను? రేవు తంతి ఆఫీసులో వాళ్ళ మనిషే కూర్చుంటాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను. తెల్లారేసరికి డోరా పెక్ లేదు. నిన్నటి దాకా నాతో సారా తాగినవాళ్ళు అందులో ఉన్నారు. ఇప్పుడు 'నేనే పంపాను' అంటే ఆ చావులన్నీ నా నెత్తి మీదే కదా.

ఇక్కడ నా బోటులో మిగిలినవాళ్ళ సంగతి ఆలోచించు. నన్ను తీసేస్తే ఎవడో కొత్తవాణ్ణి పెడతారు, వీళ్ళని ఏ బండకేసి కొడతాడో. బావకి మహా అయితే కొన్నాళ్ళ జైలు. నాకు బతుకంతా.

ఇంకో మాట. "క్లెమ్‌ని పంపించు, నీ మాట చెల్లకపోతే గుండీలెందుకు" అని రాసిందెవరు? నేనా, నువ్వా?

ఎజ్రా


టాస్కర్ వీధి
ఏప్రిల్ 17

నేనే రాశాను. ఆ మాట ఏ కోర్టులోనైనా నిలబడి ఒప్పుకుంటాను.

విచారణలో మీరు చెప్తారా, నేనొచ్చి చెప్పనా?

హెటీ లెగట్


రేవు నుంచి
ఏప్రిల్ 29

హెటీ,

చెప్పాను.

పొడుగాటి బల్ల, వెనక ముగ్గురు అధికారులు. బావని నిలబెట్టి అడుగుతుంటే అతను "సరంగు ఎరుగును సార్" అని ఒకటే మాట. నా వంతు వచ్చింది. లేచి, వెళ్ళమన్నది నేనే, తంతి కొట్టనిది నేనే, "తెలీదు" అన్నది అబద్ధం అని మూడు ముక్కల్లో చెప్పాను. విన్యార్డ్ మొహం పాలిపోయింది. బావ మాత్రం తల కూడా తిప్పలేదు, నేను చెబుతానని అతనికి ముందే తెలిసినట్టు నిలబడ్డాడు. అది చూస్తే నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

తరువాత ఏమైందో విను. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "స్కిప్పర్ మాట అనుమతి కిందికి రాదు. కాగితం లేదు కనుక నేరం నేరమే" అన్నాడు. బావకి మూడు నెలలు. నన్ను పక్క గదికి పిలిచాడు. "ఇంజనీర్లు దొరుకుతారు డానట్. ఈ తీరం ఎరిగిన సరంగులు మాకు దొరకరు. ఇక మీద జాగ్రత్తగా ఉండు. ఈ సంగతి బయట మాట్లాడకు, కుర్రాళ్ళలో క్రమశిక్షణ పోతుంది" అన్నాడు. అంతే. అదే సాయంత్రం నా బోటు నాకిచ్చి సముద్రం మీదికి తోలారు.

బల్ల మీద గుద్ది నన్ను కూడా లోపలెయ్యమని అడగాల్సింది. అడగలేదు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆ రాత్రి విన్యార్డ్ ఇచ్చిన గస్తీ దారి పటం సముద్రంలో పారేశాను. నీ మాట ప్రకారం చేశాను, దాని వల్ల బావకి ఒరిగిందేమీ లేదు. ఇంకేం చెయ్యమంటావో చెప్పు.

ఎజ్రా


టాస్కర్ వీధి
మే 6

ఎజ్రాకు,

ఏం చెయ్యాలో చెప్తున్నాను.

నువ్వు చెప్పింది ఎవరికి? క్లెమ్ ఎవరో తెలియని ముగ్గురికి, తలుపులు మూసిన గదిలో. వాళ్ళు విని, మడిచి, జేబులో పెట్టుకున్నారు. క్లెమ్ జైలు నుంచి వచ్చేది వాళ్ళ మధ్యకి కాదు. ఈ వీధికి వస్తాడు. ఈ రొట్టెల కొట్టుకి పోతాడు, మెర్సీ గోడ పక్కనే పడుకుంటాడు. ఇక్కడ ప్రతివాళ్ళూ అతన్ని వాల్టర్‌ని చంపినవాడిగానే చూస్తున్నారు. నేను నిజం చెప్పబోతే, "మొగుణ్ణి వెనకేసుకొస్తోంది, పైగా తోడబుట్టినవాడి మీదికి తోస్తోంది, ఎంత తెగించిందో" అన్నారు. నీ ఫొటో ఇంకా పెక్ గారి ఆఫీసు కిటికీలో ఉంది. నిన్ను చూపించి, మగాడంటే ఇలా ఉండాలని పిల్లలకి చెబుతున్నారు.

నీకు సెలవు దొరుకుతుందట కదా, నీలాంటి సరంగు వాళ్ళకి కావాలి కదా. కాగితం రాయించుకుని రా. మా ఇంటికి రావద్దు, తలుపు తియ్యను. మెర్సీ గుమ్మంలో నిలబడి, బల్ల ముందు చెప్పిన ఆ మూడు ముక్కలే చెప్పు. బయట మాట్లాడవద్దన్నారని నాకు రాయకు. రాస్తే ఆ ఉత్తరమే వీధిలో చదువుతాను.

హెటీ


టాస్కర్ వీధి
జూన్ 21

ఎజ్రాకు,

నువ్వు శనివారం వచ్చావు, చెప్పావు, పోయావు. మా ఇంటి వైపు చూడకుండానే పోయావు, చెప్పిన మాట విన్నావు. నువ్వు పోయాక జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నేను తలుపు వెనకే ఉన్నాను. నువ్వు మెల్లగా మొదలుపెట్టావు. మెర్సీ, "వినపడ్డం లేదు, వీధిలోకి పోయి చెప్పు" అంది. నువ్వు వీధి మధ్యకి పోయి మళ్ళీ చెప్పావు. కిటికీలు తెరుచుకున్నాయి. "ఇంకోసారి" అంది. మూడోసారి చెబుతుంటే నీ గొంతు పోయింది. అప్పుడు నిన్ను కొట్టింది. ఆ దెబ్బ ఇంట్లోకి వినపడింది. నాకు జాలి వెయ్యలేదు, నిజం రాస్తున్నాను.

ఆదివారం నా గుమ్మం మీద రాత ఎవరో తుడిచారు. సోమవారం వలల కొట్లో ఇద్దరు ముగ్గురు పీటలు జరుపుకుని నా పక్కకొచ్చారు, ఏమీ జరగనట్టు నూలు ధర మాట్లాడారు. వాళ్ళ వైపు చూడలేదు. మూడు నెలలు నన్ను గోడకి వదిలేసినవాళ్ళతో నాకు మాటలేమిటి?

సాయంత్రం మెర్సీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "క్లెమ్‌ది తప్పు కాదని తెలిసింది, ఆ మాట చెప్పిపోదామని వచ్చాను" అంది. సరే అన్నాను. కదల్లేదు. గుమ్మం దగ్గర నిలబడే అడిగింది: "హెటీ, మీ అన్న క్లెమ్‌ని ఇంటికి పంపకపోయుంటే, ఆ రాత్రి మార్ష్ బెల్లే పోయేది కదా. క్లెమ్ పోయుండేవాడు, నా వాల్టర్ ఉండేవాడు. తంతి నా ఇంటికొచ్చిన రోజు రాత్రంతా నన్ను పట్టుకు కూర్చున్నావు. ఆ రాత్రి నీకు లోపల, ఎక్కడో కాస్త, సంతోషం వెయ్యలేదూ?"

అబద్ధం ఆడొచ్చు. నీలాగ "తెలీదు" అనొచ్చు. ఆవిడ కళ్ళు చూశాక నోరు రాలేదు. "వేసింది" అన్నాను. "అప్పటికి డోరా పెక్ మార్ష్ బెల్ బదులు పోయిందని తెలీదు. తెలిశాక ఇంకా వేసింది." మెర్సీ తల ఊపింది. "నేనైనా అంతే" అంది. తరువాత, "క్లెమ్‌ని నేను చూడలేను, నన్ను అడక్కు" అని వెళ్ళిపోయింది. ఆవిడ చూడకపోతే పడతాం. ఆవిడకి ఆ హక్కుంది.

నీ సంగతి. నువ్వు నాకు చేసిన ద్రోహం నేను మరవను. అతను నిన్ను నమ్మి బేడీల్లో నిలబడితే నువ్వు నెల రోజులు నోరు మూసుకున్నావు. దానికి నిన్ను ఎన్ని తిట్టినా నా కడుపు చల్లారదు. కానీ తిడుతున్న ప్రతిసారీ, నువ్వు ఆ సోమవారం క్లెమ్‌ని పంపబట్టే నాకు మొగుడు మిగిలాడని గుర్తొస్తుంది. నిన్ను నిండుగా తిట్టుకునే హక్కు కూడా నాకు మిగల్చలేదు నువ్వు. అందుకే నీ మీద ఇంత కోపం.

వచ్చే నెలాఖరులో వదులుతారట. నేనే వెళ్ళి తీసుకొస్తాను. నిన్ను చూడాలో వద్దో అతనిష్టం, నేను అడ్డుపడను.

హెటీ